పల్నాటి పాటకు వీధి మీద హక్కు

పల్నాటి వీరుల కథ మాచర్లది, గురజాలది, కారెంపూడిది. అయితే ఆ కథను మామూలు జనం ఎలా చూసేవాళ్లో, ఎలా వినేవాళ్లో కళ్లకు కట్టే పాత సాక్ష్యం పల్నాడు గడ్డ మీద కాక ఓరుగల్లు వీధిలో దొరుకుతుంది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న క్రీడాభిరామం 15వ శతాబ్దపు వీథి రూపకం. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం దానికి మూలం. అసలు రాసింది శ్రీనాథుడేనని వాదించే పండితులూ ఉన్నారు, ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. అందులో మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు పొద్దున్నుంచి రాత్రి దాకా నగరమంతా తిరుగుతారు. పొట్టేళ్ల పోరు చూస్తారు, కోడిపందెం చూస్తారు, పాములవాడి ఆట చూస్తారు, పూటకూళ్లింట్లో తింటారు, వేశ్యవాటికలో కబుర్లాడతారు. ఆ దారిలోనే పల్నాటి వీరుల గుళ్లు తగులుతాయి. అక్కడ గచ్చు చేసిన పలక మీద శీలం బ్రహ్మనాయుడు మొదలైన వీరుల కథ బొమ్మలుగా గీసి ఉంది. పక్కనే ఒక స్త్రీ వాద్యం వాయిస్తూ, వేగమైన తాళంలో, ద్విపదలో ఆ వీరులనే పాడుతోంది. చుట్టూ చేరిన కుర్రకారు ఆమె నోట అక్షరం అక్షరానికీ కేకలు వేస్తూ తూలిపోతున్నారు. ఇవాళ్టి సంగీత కచేరీల్లో ముందు వరస కుర్రాళ్లు చేసే పనిని ఆరు వందల ఏళ్ల కిందట ఓరుగల్లు కుర్రాళ్లు కూడా చేశారు.

ఈ చిన్న దృశ్యంలో రెండు సంగతులు గమనించాలి. బొమ్మా పాటా ఒకే చోట, ఒకే కథ కోసం ఉన్నాయి. చూస్తున్న ఇద్దరూ భక్తులు కారు, మొక్కు తీర్చుకోవడానికి రాలేదు. ఊరు చూడ్డానికి బయల్దేరి, దారిలో కనిపించింది కాబట్టి ఆగారు. నగరంలో వీధి బొమ్మలూ వీధి పాటా ఆస్వాదించడం మెట్రో నగరాలు మనకు కొత్తగా నేర్పిన సరదా అని ఒక అభిప్రాయం వ్యాపించింది. దాన్ని కాదనడానికి ఈ ఒక్క ఘట్టం చాలు, కానీ నేను చెప్పదలచుకున్నది అంతమాత్రమే అయితే ఇంత దూరం రానక్కర్లేదు. కాకతీయులు పోయారు, రెడ్డి రాజులు పోయారు, శ్రీనాథుణ్ణి పోషించిన సంస్థానాలన్నీ పోయాయి, పల్నాటి పాట మాత్రం మిగిలింది. దానికి కారణం జనానికి కళల మీద ఉన్న ప్రేమ అని చెప్పి ఊరుకోవడం తేలిక. నా వాదన వేరు. ఆ పాట నిలిచింది దానికి ఒక చోటు మీద, ఒక తిథి మీద, కొందరు మనుషులకు ఎవరూ కాదనలేని హక్కు ఉండబట్టి. హక్కు ఉన్నచోట వీధికళ బతికింది. అది లేనిచోట ఎంత ఆదరణ ఉన్నా ఒకటి రెండు తరాలకు మించి సాగలేదు.

ముందుగా ఒక అభ్యంతరం. క్రీడాభిరామం కల్పన కదా, దాన్ని చరిత్రకు సాక్షిగా ఎలా నిలబెడతారు? పైగా అది వర్ణిస్తున్నది ప్రతాపరుద్రుడి నాటి ఓరుగల్లును. ఆ రాజ్యం 1323లోనే కూలిపోయింది, తెలుగు పుస్తకం వచ్చింది తర్వాత వందేళ్లకు పైనే. ఈ మాట నిజమే, అందుకే ఫలానా సంవత్సరంలో ఫలానా వీధిలో ఆ గోడ ఉండేదని నేననను. కానీ ఆ రూపకం హాస్యం కోసం రాసింది. హాస్యం పండాలంటే చదివేవాడు రోజూ చూసే సంగతులే అందులో ఉండాలి. పూటకూళ్లింటి వంటకాల జాబితాలో కవి ఎంత నిక్కచ్చిగా ఉన్నాడో పాడే స్త్రీ తాళం గురించీ అంతే నిక్కచ్చిగా ఉన్నాడు. అంత వివరం చూడనిదే రాదు. లండన్‌లో సామ్యూల్ పెపిస్ 1662 మే నెలలో కోవెంట్ గార్డెన్ దగ్గర ఇటలీ వాళ్ల బొమ్మలాట చూసి డైరీలో రాసుకున్నాడు. ఇంగ్లండులో పంచ్ బొమ్మలాటకు అదే తొలి ఆధారమని అందరూ ఒప్పుకుంటారు. దారినపోతూ ఆగి చూసినవాడు రాసిపెట్టకపోతే వీధికళకు చరిత్రే ఉండదు. మనకు డైరీ బదులు వీథి రూపకం దక్కింది, దాన్ని తక్కువ చేసుకోనక్కర్లేదు. దానికి తోడు, అంతకు ముందరి పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి జాగారం వర్ణన ఉంది. తోలుబొమ్మలాటలు, పాటల్లో రకరకాలు, ఆటల్లో రకరకాలు అన్నీ అందులో వరసగా వస్తాయి. పల్నాటికి శ్రీశైలం పొరుగే. జనం గుమిగూడే చోట బొమ్మా పాటా కలిసి ఉండడం ఆ కాలానికి వింత కాదని ఈ రెండో సాక్ష్యం కూడా చెబుతోంది.

క్రీడాభిరామంలోనే మరో చిత్రశాల ఉంది, పోలికకు పనికొస్తుంది. మాచలదేవి ఓరుగల్లులో పేరుమోసిన వేశ్య. ఆమె తన ఇంట్లో చిత్రశాల కట్టించుకుని ప్రవేశోత్సవం చేస్తుంటుంది. గోడల నిండా పురాణాల్లోని శృంగార ఘట్టాలు. పని గొప్పదే, చూడ్డానికి మాత్రం పిలుపు కావాలి, పరిచయం కావాలి. వీరుల పలకకు పిలుపు అక్కర్లేదు. ఒకే నగరంలో, ఒకే రోజు, తలుపు వెనక బొమ్మలూ తలుపు లేని బొమ్మలూ రెండూ ఉన్నాయి. తలుపు వెనక బొమ్మలు ఆ ఇల్లున్నంత కాలమే ఉన్నాయి. తలుపు లేని బొమ్మ ఎండకూ వానకూ ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది, అయితే ఆ బొమ్మ చెప్పిన కథ చెరగలేదు. గచ్చు మీది రంగు పోతే మళ్లీ పూసేవాళ్లూ, గొంతు పోతే మళ్లీ ఎత్తుకునేవాళ్లూ ఉండేలా ఒక ఏర్పాటు ఉండబట్టే అది సాధ్యమైంది.

ఆ ఏర్పాటును చూడాలంటే పల్నాటికి రావాలి. కథ అందరికీ తెలిసిందే. హైహయ వంశపు అనుగురాజు కొడుకుల మధ్య దాయాదుల పోరు, గురజాలలో నలగామరాజు పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్లలో మలిదేవుడి పక్షాన బ్రహ్మనాయుడు, కోడిపందెంలో ఓడి వలస వెళ్లడం, చివరికి 12వ శతాబ్దం చివర్లో నాగులేటి ఒడ్డున కారెంపూడి యుద్ధం. మాచర్లలో చంద్రవంక దగ్గర చెన్నకేశవస్వామి గుడిని బ్రహ్మనాయుడే కట్టించాడని ఊరివాళ్ల నమ్మకం. ఏటా చైత్రంలో ఆ స్వామి తిరునాళ్ల పెద్ద ఎత్తున జరుగుతుంది. కానీ కథకు అసలు వేదిక కారెంపూడి వీర్లగుడి. కార్తీక అమావాస్యతో మొదలై అయిదు రోజులు సాగే వీరారాధనలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు. వీరాచారవంతులు దూరపు జిల్లాల నుంచి కూడా కొణతాలు పట్టుకుని వస్తారు. కొణతాలంటే ఆ వీరుల ఆయుధాలు. ఒక్కో కొణతం ఒక్కో వీరుడిది, ఒక్కో కుటుంబం చేతిలో ఉంటుంది. వాటిని నాగులేట్లో కడిగి, పూజించి, ఊరి వీధుల్లో మేళతాళాలతో ఊరేగిస్తారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. కులం అడగకుండా ఒకే చాప మీద అందరికీ అన్నం పెట్టిన బ్రహ్మనాయుడి సంప్రదాయం అది. ఈ అయిదు రోజులూ కథ పాడేది వీరవిద్యావంతులు. ప్రధాన గాయకుడి చేతిలో కత్తి ఉంటుంది, తోడు పంబజోడు మోగుతుంది, తిత్తి శ్రుతి పడుతుంది.

ఉత్సవం రోజుల వరస గమనించండి. కథలో కోడిపందెం ముందు, పశువుల మందను పొడిచి చంపడం తర్వాత, మాచర్ల పక్షపు అలరాజు రాయబారం ఆ పైన. ఉత్సవంలో రాయబారం ముందొచ్చి, కోడిపోరు నాలుగో రోజుకు పోయింది. ఇది పొరపాటని దిద్దబోయేవాళ్లకు వీధికళ నడక అర్థం కాలేదనుకోవాలి. పుస్తకానికి మొదటి పుట ఉంటుంది, దాంతో మొదలుపెట్టకపోతే కథ అందదు. గోడ మీది బొమ్మకు మొదటి పుట ఉండదు. చూపు ఎక్కడ పడితే అక్కడే కథ మొదలు. వీధి పాటా అంతే, ఆగిన మనిషి ఏ చరణం దగ్గర ఆగితే ఆ చరణం అతనికి మొదటిది. విననొచ్చినవాడికి కథ ముందే తెలుసని పాడేవాడికి తెలుసు. ఏం జరగబోతోందన్న ఉత్కంఠ అక్కడ లేదు, తెలిసినదాన్ని ఈ గొంతు ఈసారి ఎలా చెబుతుందోనన్న ఆత్రం ఉంది. ఓరుగల్లు కుర్రాళ్లు అక్షరం అక్షరానికీ కేకలు వేసింది అందుకే, వాళ్లకు తర్వాతి అక్షరం ముందే తెలుసు. రాజస్థాన్‌లో భోపాలనే గాయకులు వీరుడు పాబూజీ కథ పాడే తీరు కూడా ఇలాంటిదే. రాత్రిపూట పొడవాటి గుడ్డ మీద గీసిన పటం నిలబెట్టి, భోపా రావణహత్త వాయిస్తూ పాడతాడు, భార్య దీపం పట్టుకుని అప్పటికి పాడుతున్న ఘట్టాన్ని చూపిస్తూ గొంతు కలుపుతుంది. పటం మీద ఘట్టాలు కథ వరసలో ఉండవు. వాళ్లకు ఆ పటమే గుడి. మన చేర్యాల నకాషీ పటాలు కూడా పాడేవాళ్ల కోసం గీసినవే, ఒక్కో కులానికి దాని పురాణం చెప్పే పటం కథకుల హక్కుభుక్తాల్లో భాగం. పటాన్ని పాట నుంచి విడదీసి ఇంట్లో గోడకు తగిలించుకునే వస్తువుగా అమ్మడం ఇటీవలి కాలపు సంగతి.

ఇక్కడ రెండో అభ్యంతరం వస్తుంది. కారెంపూడిలో జరిగేది ఆరాధన, దానికీ నగరవాసి సరదాకీ పోలికేమిటి? కొణతం ఎత్తినవాడు కళను ఆస్వాదించడం లేదు, పూర్వీకులకు ఋణం తీర్చుకుంటున్నాడు కదా? ఈ అభ్యంతరంలో బలముంది. కళ్లిపాడు నాడు వీరులు ఒరిగిన తీరును తలుచుకుని ఆచారవంతులు నేలకొరుగుతుంటే దాన్ని వినోదమని పిలవడానికి నోరు రాదు. కానీ భక్తి ఉన్నచోట ఆనందం ఉండదనుకోవడం మన పాత అలవాటు కాదు. మంచన శర్మ వీరుల గుళ్లను మహాస్థానాలుగా తలుస్తాడు, ఆ వెంటనే పాడే స్త్రీ తాళాన్ని ఒక రసికుడిలా తూచి మెచ్చుకుంటాడు. రెండు పనులూ ఒకే చూపులో అయిపోయాయి. తిరునాళ్లకు పోయినవాణ్ణి దేవుడి కోసం వచ్చావా, ఆట కోసం వచ్చావా అని అడిగితే ప్రశ్నే వింతగా ఉంటుంది. మరో మాట కూడా ఉంది. వినోదంగా మాత్రమే మిగిలి ఉంటే ఆ పాట ఎప్పుడో ఆగిపోయేది, ఎందుకంటే వినోదానికి తిథి ఉండదు. వర్షాలు లేక జొన్న పండని ఏడాది వినోదం మానుకోవచ్చు, కార్తీక అమావాస్యను మానుకోవడం కుదరదు. పాటకు ఏడాదికొకసారైనా జనం చెవిన పడే అవకాశాన్ని భక్తి భద్రం చేసింది. ఆ అవకాశం దొరికాక జనాన్ని నిలబెట్టుకున్నది గాయకుల నేర్పు.

మూడో అభ్యంతరం దీనికన్నా కఠినమైనది. హక్కు హక్కు అని పొగుడుతున్నదాని రెండో ముఖం కులం కాదా? వీరవిద్యావంతులు మాలలు. కథలో మాల కన్నమదాసు బ్రహ్మనాయుడి దత్తపుత్రుడు, సేనాని. కానీ ఆ కథ పాడేవాళ్లు ఊళ్లో అంటరానివాళ్లుగానే బతికారు. చాపకూడు ఏడాదికొక పూట, వెలి మిగతా రోజులన్నీ. ఈ నిజాన్ని మెత్తగా చెప్పడం నాకిష్టం లేదు. పాడే హక్కుతో పాటు పాడక తప్పని కట్టుబాటు కూడా వచ్చింది, దానికి దక్కిన ప్రతిఫలం ఏనాడూ గౌరవంతో సరితూగలేదు. అయినా ఆ హక్కు లేకపోతే ఏమయ్యేదో కూడా ఆలోచించాలి. ఊరి నడిబొడ్డున, పెద్దకులాల ఎదుట, చేత కత్తి పట్టుకుని, మాల సేనాని శౌర్యాన్ని గొంతెత్తి పాడగలిగే చోటు ఆ సమాజంలో ఇంకెక్కడ ఉంది? ఆ అయిదు రోజులూ వీధి వాళ్లది. కట్టుబాటును తీసేసి హక్కును మిగుల్చుకునే దారి వెతకాల్సింది పోయి, ఆధునికులం చాలాసార్లు రెండింటినీ కలిపే పారేశాం. ఇక ఆ ఏర్పాటులో పూర్తిగా నష్టపోయినవాళ్లు స్త్రీలు. ఓరుగల్లు వీధిలో వీరగాథ పాడింది స్త్రీ. అదే పుస్తకంలో పాడుతూ వచ్చే జక్కుల స్త్రీ కూడా ఉంది. కారెంపూడిలో వీరవిద్య చెప్పే అధికారం మగవాళ్ల పరమైంది. హక్కు కొందరిని కాపాడుతూనే కొందరిని బయట నిలబెడుతుంది, దాని చరిత్ర రాసేవాళ్లు ఈ లెక్కను కూడా రాయాలి.

హక్కు లేని గొప్ప వేదిక గతి ఏమవుతుందో తెలుసుకోవడానికి మాచర్ల నుంచి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. సాగర్ దారిలో అనుపు దగ్గర ఇక్ష్వాకుల నాటి రంగస్థలం ఉంది. 3వ, 4వ శతాబ్దాల్లో వాళ్ల రాజధాని విజయపురి కృష్ణ ఒడ్డున వెలిగింది. మధ్యలో దీర్ఘచతురస్రపు ఆవరణ, చుట్టూ మెట్లుమెట్లుగా కూర్చునే వరసలు, మాట తేటగా వినిపించే కట్టుబడి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన అయ్యాక, లోయ మునిగిపోకముందు తవ్వకాల్లో బయటపడ్డ కట్టడాల్లో కొన్నిటిని తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఆ నగరపు శిల్పాలు పల్నాటి సున్నపురాతివే, ఇవాళ ఇళ్ల ముందు పరిచే మాచర్ల నాపరాళ్ల చుట్టాలే. అక్కడ పాడిందేమిటో, ఆడిందేమిటో, ఎవరు చప్పట్లు కొట్టారో ఒక్క ముక్క కూడా మనదాకా రాలేదు. రాజ్యం పోగానే దాని నోరు మూతపడింది. ఇటుక ముక్క అయినా మిగలని ఓరుగల్లు పలక దగ్గరి పాట ఏ ఛందస్సులో సాగిందో కూడా మనకు తెలుసు. ఇక్ష్వాకులది బౌద్ధ నగరమని, తర్వాత మతాలు మారాయని, పోలిక న్యాయం కాదని అనొచ్చు. మతాలు మారిన మాట ఓరుగల్లుకూ కారెంపూడికీ కూడా వర్తిస్తుంది. శైవులు, వైష్ణవులు, గోల్కొండ సుల్తానులు, కుంపిణీ దొరలు అందరూ ఆ నేల మీద నడిచినవాళ్లే. అయినా కార్తీక అమావాస్య వస్తూనే ఉంది.

ఇంతకీ కథను బతికించింది పుస్తకాలూ సినిమాలే కదా అనేవాళ్లున్నారు. శ్రీనాథుడి పేరుతో ఉన్న మంజరీ ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేశారు, దాంతో చదువుకున్న తెలుగువాళ్లకు పల్నాడు ఒక కావ్యంగా అందింది. ఉన్నవ లక్ష్మీనారాయణ నాయకురాలు నాటకం రాశారు. గూడవల్లి రామబ్రహ్మం పల్నాటి యుద్ధం సినిమా మొదలుపెట్టి, పూర్తికాకముందే 1946లో కన్నుమూస్తే ఎల్‌వీ ప్రసాద్ దాన్ని ముగించారు. 1947లో విడుదలైన ఆ సినిమాలో కన్నాంబ నాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు. 1966లో ఎన్టీఆర్, భానుమతిలతో మళ్లీ తీశారు. వీటి మేలు తక్కువది కాదు. కానీ కావ్యం ద్విపదలో ఉందంటేనే అది ఎక్కడి నుంచి నడక అరువు తెచ్చుకుందో ఊహించవచ్చు. నాపరాళ్లనూ జొన్నకూడునూ చిన్నాచితకా దేవుళ్లనూ చాటువుల్లో వెక్కిరించాడని పేరుపడ్డ శ్రీనాథుడే ఆ చిన్న దేవుళ్ల కథకు కవి కావలసివచ్చిందంటే, ఆయన కన్నా ముందే వీధి ఆ పని మొదలుపెట్టి ఉండాలి. అచ్చు పుస్తకం వచ్చిన అరవై ఏళ్ల తర్వాత, రెండో సినిమా కూడా ఆడి వెళ్లిపోయాక, జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1974లో కారెంపూడి వచ్చి ఆలిశెట్టి గాలెయ్య నోట మొత్తం కథను రికార్డు చేశాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ అచ్చువేసిన ఆ పుస్తకంలోని కథ శ్రీనాథుడి పాఠానికి నకలు కాదు. అందులో దేవతల పుట్టుకలున్నాయి, కావ్యం ముట్టని ఘట్టాలున్నాయి. కావ్యం, సినిమా కథలోంచి తలా ఒక ముక్క తీసుకున్నాయి. మొత్తం ఉన్నది పాడేవాడి దగ్గరే.

హక్కు వంశం నుంచే రావాలా? 1940లు వేరే జవాబిచ్చాయి. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ బుర్రకథను పట్టుకుని పల్నాటి యుద్ధాన్ని ఊరూరా చెప్పాడు. పింజారి ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు, వీరవిద్యకు వారసుడు కాడు, వీర్లగుడిలో ఆయనకు కొణతం లేదు. కమ్యూనిస్టుల ప్రజానాట్యమండలి 1943లో ఏర్పడ్డాక ఆ కళకు సభ దొరికింది, జనం దొరికారు. తంబుర ఒకరికి, డక్కీలు ఇద్దరికి, మొత్తం ముగ్గురు మనుషులు ఒక ఊరినంతా రాత్రి తెల్లవార్లూ కూర్చోబెట్టారు. ఇది పుట్టుకతో వచ్చిన హక్కు కాదు, ఉద్యమం ఇచ్చిన హక్కు. ఆ బలమే దాని బలహీనత కూడా. కమ్యూనిస్టుల మీద నిర్బంధం రాగానే దళాలు చెదిరిపోయాయి. నాజర్ పేరు నిలబడింది, 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది, కానీ ఊళ్లో బుర్రకథ చెప్పించడం తప్పనిసరి అయిన తిథి ఒక్కటీ మిగల్లేదు. ప్రభుత్వాలకు వీధి పాట మీద ఎప్పుడూ అనుమానమే. లండన్‌లో గణితవేత్త చార్లెస్ బాబేజ్ వీధి వాద్యగాళ్ల మీద ఏళ్ల తరబడి పోరాడాడు, చివరికి 1864లో పార్లమెంటు వాళ్లను అదుపు చేసే చట్టమే చేసింది. మన దగ్గర 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం, 1861 పోలీసు చట్టంలో పండగ వీధి సంగీతాన్ని కట్టడి చేసే 30వ సెక్షన్ ఆ కోవలోవే. ఆ సెక్షన్ పేరు ఆంధ్రలో ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

పాత హక్కు కొత్త సామగ్రితో ఎలా సర్దుకుంటుందో చూడాలంటే నరసరావుపేట పక్కన కోటప్పకొండ ఉంది. మహాశివరాత్రికి త్రికోటేశ్వరస్వామి తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్లు ప్రభలు కట్టుకుని వస్తాయి. పొడవాటి కర్రలూ వెదురూ కలిపి కట్టిన చట్రం, దాని మీద రంగుల గుడ్డలూ దేవతల బొమ్మలూ, ఎనభై తొంభై అడుగుల ఎత్తు. ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు కరెంటు దీపాలూ జనరేటర్లూ చేరాయి. ప్రభ ముందు వేదిక, వేదిక మీద పాట, తెల్లవార్లూ జనం. ఏ ఊరి ప్రభ ఆ ఊరి పరువు, ఫలానా ఊరు ప్రభ తేవడం మానేసిందంటే అది వార్త. దీన్ని చూసి ముక్కు విరిచేవాళ్లు రికార్డింగ్ డ్యాన్సుల గురించి మాట్లాడతారు. వాటిలో చాలా భాగం చవకబారుగానే ఉంటుంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ అభిరుచి చెడిందని హక్కునే తీసేయమనడం తప్పు. ఓరుగల్లులో వేశ్యవాటికా వీరుల గుడీ ఒకే నడకలో తగిలాయి, కవి రెండింటినీ రాశాడు. వేదిక ఉంటే అభిరుచి మారవచ్చు, ఈ ఏడాది సినిమా పాట వినిపించినచోట వచ్చే ఏడాది మంచి గొంతు వినిపించవచ్చు. వేదికే పోతే ఆ వాదన చేసుకోవడానికి కూడా చోటుండదు.

ఇప్పుడు గోడలకు కొత్త కాలం వచ్చింది. ఢిల్లీ లోధీ కాలనీ గోడలు, హైదరాబాద్ మక్తా గోడలు పెద్దపెద్ద బొమ్మలతో చూడముచ్చటగా మారాయి. స్వచ్ఛ సర్వేక్షణ్ మార్కుల కోసం మున్సిపాలిటీలు కూడా ప్రహరీలకు రంగులు వేయిస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడింది. మాచర్ల పేరు మాత్రం బయటివాళ్లకు సినిమా టైటిళ్లలోనూ ఎన్నికల గొడవల వార్తల్లోనూ వినిపిస్తోంది. 2024 మే పోలింగ్ తర్వాత జిల్లాలో 144వ సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. వీధిలో నలుగురు చేరితేనే భయపడే రోజుల్లో వీధి పాట ఎక్కడిది? పల్నాటి వీరుడు బాలచంద్రుడి బొమ్మ గోడ మీద వేయించడం కష్టమేమీ కాదు, టెండరు పిలిస్తే వారంలో అయిపోతుంది. ఆ గోడ ముందు ఏ తిథిన ఎవరు పాడతారో, ఆ పూట కూలి ఎవరిస్తారో, రంగు వెలిసినప్పుడు మళ్లీ వేసే బాధ్యత ఎవరిదో టెండరులో ఉండదు. వీరవిద్యావంతుల పిల్లలు వేరే ఉద్యోగాలకు వెళ్లడం న్యాయమే, వెళ్లాలి కూడా. అప్పుడు పాడే హక్కును పుట్టుకతో కాక నేర్చుకోవడంతో ముడిపెట్టాలి, అమ్మాయిలకూ తెరవాలి, మాచర్ల తిరునాళ్లలోనూ కారెంపూడి అయిదు రోజుల్లోనూ వాళ్ల పూటను రాతపూర్వకంగా కేటాయించాలి. దేవాదాయ శాఖ ఉత్సవాలకు ఖర్చుపెట్టే డబ్బులోంచి మైకు సెట్టుకూ షామియానాకూ పోయేదానిలో కొంత గాయకుల జీతంగా మారిస్తే సరిపోయే పని ఇది.